న్యాయస్థానాంగ్లపదములు – భాషాపరీక్షలు

ఏ భాషయందైనను గృహమునకును, సంతకును, పొలమునకును సంబంధించిన మాటలు మొదట నలవడును. న్యాయస్థానమునకు సంబంధించిన మాటలు కట్టకడపట నలవడును. దీనికిఁ గారణము స్పష్టము. సంతలోని మాటకు వాడుకయే యర్థమును నిర్ణయించును. న్యాయస్థానములోని మాటకు వాడుకతోఁబాటు శాసనమును, పూర్వపుఁ దీర్పులును గూడ నర్థమును నిర్ణయించును. సంతలో నొక మాట తప్పినచో నష్టము కాసు. న్యాయస్థానమున నొక మాట తప్పినచో భూమి పోవచ్చును, స్వాతంత్ర్యము పోవచ్చును, ప్రాణమే పోవచ్చును. కావుననే పరభాషతో రాజ్యము నడపిన ప్రభుత్వము తన యుద్యోగులకును, దుబాసీలకును, వకీళ్లకును భాషాపరీక్షలు విధింపవలసివచ్చినది. చెన్నరాజధానిలో 1812వ సంవత్సరము మొదలుకొని 1879వ సంవత్సరము వఱకు నీ పరీక్షలు పొందిన మార్పులను బరిశీలించినచో, ఆంగ్లన్యాయపదము లాంధ్రదేశమున నెట్లు నేర్వఁబడెనో, తెలుఁగున నెట్లు కుదురుకొనెనో, ఆ నేర్పునం దేది ఫలించెనో యేది ఫలింపకపోయెనో తెలియఁగలదు.

ఆంగ్లేయులు రాకమునుపు తెలుఁగునకు న్యాయపరిభాష లేదనుట సత్యము కాదు. క్రీస్తుశకము పదుమూఁడవ శతాబ్దిలోనే కేతన విజ్ఞానేశ్వరీయమను పేర మితాక్షరను దెనిఁగించెను. ఆచారకాండము, వ్యవహారకాండము, ప్రాయశ్చిత్తకాండమునను మూఁడు భాగముల యా గ్రంథము తెలుఁగున ధర్మశాస్త్రవిషయమును బద్యరూపమునఁ జెప్పినది. వ్యవహారము, వాది, ప్రతివాది, సాక్షి, లిఖితము, భుక్తి, దివ్యము, ఋణాదానము, నిక్షేపము, దాయభాగము మొదలగు పదములు పండితుల కన్నియుఁ బరిచితములే. ఇఁక శాసనములను జూచినచో, భూదానము చేయు రాజు నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యమునను నష్టభోగములను బేరుపేరునఁ జెప్పి యిచ్చుచుండెను. ఒక్క “సమస్తము” అను మాటతో సరిపుచ్చక యెనిమిది మాటలు చెప్పుటలోఁ గల యుద్దేశమేమనఁగా, రేపటి వివాదమున కెడము లేకుండఁ జేయుటయే. న్యాయభాష యెచ్చటనైనను విస్తరమును గోరుటకు మూలమిదియే.

దీనిపైఁ బారసీకభాషాపదముల పొర యొకటి చేరెను. గోలకొండ సుల్తానుల కాలమునను, మొగలాయీల కాలమునను, ఆర్కాటు నవాబుల కాలమునను గచేరీలలో వాడుకకు వచ్చిన మాటలు గ్రామకరణముల దస్త్రములలోనికి దిగెను. వకీలు, దావా, ఫిర్యాదు, జామీను, జప్తు, వాయిదా, రుజువు, హాజరు, దస్తావేజు, మునసబు మొదలగునవి యట్లు వచ్చినవే. వీనిలోఁ గొన్ని తెలుఁగునకు వచ్చి యర్థమును మార్చుకొనెను. పారసీకమున “ముద్దయీ” యనఁగా దావా వేసినవాఁడు. తెలుఁగున “ముద్దాయి” యనఁగా నేరము మోపఁబడినవాఁడు. ఒకే మాట కచేరీలో నీవలి ప్రక్కనుండి యావలి ప్రక్కకు నడచిపోయినది! “రాజీనామా” యనఁగా మొదట నుభయపక్షములవారును సమాధానపడి వ్రాసికొన్న పత్రము. నేఁడది యుద్యోగమును విడుచుటకు వ్రాయు పత్రము. పరభాషాపదమును ధ్వనినిబట్టి మాత్రమే గ్రహించినవారి కర్థ మెంత జాఱునో యీ రెండు మాటలే సాక్ష్యము చెప్పుచున్నవి.

ఆంగ్లన్యాయపదములను నేర్చువారు వానిని స్వచ్ఛమైన యాంగ్లపదములుగా నెంచుట పొరపాటు. 1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, కాలక్రమమున నచ్చటి న్యాయస్థానములలో ఫ్రెంచిభాష నెలకొనెను. వ్రాఁతపత్రములు లాటినుభాషలో నుండెను. వ్యవసాయము చేయు నాంగ్లేయుఁడు తన పొలమునుగుఱించిన వాదమును దనకుఁ దెలియని భాషలో వినవలసివచ్చెను. ఈ కష్టమును గూర్చి 1362వ సంవత్సరమున నొక శాసనము పుట్టి వాదములు దేశభాషలో జరుగవలెనని విధించెను. అయినను న్యాయవాదులు తమ ఫ్రెంచిని వెంటనే విడువలేదు. లాటినును, న్యాయస్థానపు ఫ్రెంచియు వ్రాఁతలనుండి తొలఁగుటకు 1730వ సంవత్సరమునఁ బార్లమెంటు చేసిన శాసనము కావలసివచ్చెను. అది 1733వ సంవత్సరమున నమలులోనికి వచ్చెను. అనఁగా నాంగ్లేయులు తమ న్యాయస్థానములలోఁ దమ భాషను బూర్ణముగా నెలకొల్పుకొనుటకు మూఁడున్నర శతాబ్దులకు మించి పట్టినది. ఆ తరువాత నెనుబదియేండ్లకే వారి న్యాయపరిభాష చెన్నపట్టణమున తెలుఁగువారి బాలురకుఁ బరీక్షావిషయమగుటకు దారి యేర్పడెను.

ఆ పూర్వచరిత్రపుఁ జిహ్నములు నేఁటికిని బదములపై నిలిచియున్నవి. ప్లెయింటిఫ్, డిఫెండెంట్, అటార్నీ, జడ్జి, జూరీ, వెర్డిక్టు మొదలగునవి ఫ్రెంచి ద్వారమున వచ్చినవి. “విల్ అండ్ టెస్టమెంట్” అను జంటలో మొదటిమాట దేశీయము, రెండవది లాటినుమూలము. “ఫిట్ అండ్ ప్రాపర్” అను జంటయు నట్టిదే. రెండు భాషలవారికిని దెలియవలెనను నుద్దేశముతోఁ గొంతయు, సందేహమునకుఁ జోటుండరాదను నుద్దేశముతోఁ గొంతయు నిట్టి జంటలు నిలిచిపోయెను. తెలుఁగు దస్తావేజులలోని యష్టభోగముల నెఱిఁగిన పండితునకు నిట్టి జంటలు వింతగాఁ దోఁపఁగూడదు. పరీక్షకుఁ జదువు విద్యార్థి మాత్రము రెండు మాటలకును వేఱువేఱర్థములు వెదకి శ్రమపడును.

న్యాయపదములకుఁ బ్రత్యేకనిఘంటువులు పుట్టుటయు నాంగ్లదేశముననే ముందు జరిగినది. పదునాఱవ శతాబ్ది తొలిభాగమున జాన్ రాస్టెల్ న్యాయపదార్థవివరణమును బ్రకటించెను. 1607వ సంవత్సరమున జాన్ కోవెల్ అను కేంబ్రిడ్జి పండితుఁడు “ఇంటర్‌ప్రెటర్” అను నిఘంటువును వెలువరించెను. అందు రాజు, పార్లమెంటు, ప్రిరోగేటివ్ మొదలగు పదములకు వ్రాసిన యర్థములు రాజాధికారమును మిక్కిలి హెచ్చించుచున్నవని పార్లమెంటువా రాగ్రహించిరి. 1610వ సంవత్సరమున మొదటి జేమ్సురాజు తానే ప్రకటన చేసి యా గ్రంథమును నిషేధింపవలసివచ్చెను. నిఘంటువులో నొక పదమున కిచ్చిన యర్థము రాజ్యమునఁ గలఁత పుట్టించినదన్నచో, న్యాయపదార్థము కేవలము కోశకారుని సొత్తు కాదని తెలియుచున్నది.

ఇట్టి పరిభాష చెన్నపట్టణమునకు మెట్లుమెట్లుగా వచ్చెను. 1726వ సంవత్సరపు సనదుచే మేయరుకోర్టు పునర్వ్యవస్థితమయ్యెను. 1798వ సంవత్సరమున రికార్డరుకోర్టును, 1801వ సంవత్సరమున సుప్రీముకోర్టును వెలసెను. ఇవి పట్టణమున నాంగ్లన్యాయము ననుసరించి యాంగ్లభాషలో నడచినవి. మొఫస్సలులో 1802వ సంవత్సరపు రెగ్యులేషనులచే జిల్లాకోర్టులును, వానిపైఁ బ్రొవిన్షియల్ కోర్టులును, అన్నిఁటిపై సదరదాలతును నేర్పడెను. ఉత్తరవిభాగపుఁ బ్రొవిన్షియల్ కోర్టు మచిలీపట్టణమున నుండెను. అచ్చట వాదిప్రతివాదులు తెలుఁగువారు, సాక్షులు తెలుఁగువారు, జడ్జి యాంగ్లేయుఁడు, ధర్మశాస్త్రము చెప్పుటకుఁ బండితుఁడు, మహమ్మదీయశాస్త్రము చెప్పుటకు మౌల్వీ. ఒక్క వ్యాజ్యమున నాలుగు పరిభాషలు కలిసికొనుచుండఁగా, ఒకదానినుండి యొకదానికి మాటను జేరవేయువాఁడే తీర్పునకు సగము కారకుఁడై యుండెను.

ఈ యవసరమును గుర్తించి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మొదలగువారి ప్రయత్నమున 1812వ సంవత్సరమున సెంటు జార్జికోట కళాశాల స్థాపింపఁబడెను. ఇంగ్లండునుండి క్రొత్తగా వచ్చిన సివిలు ఉద్యోగులు దేశభాషలను నేర్చి పరీక్షలో నుత్తీర్ణులైనఁగాని స్వతంత్రముగా నుద్యోగము చేయరాదను నేర్పాటు దాని ముఖ్యోద్దేశము. దానితోఁబాటు దేశీయులలో హిందూధర్మశాస్త్రమును, మహమ్మదీయశాస్త్రమును జదివి కోర్టులలో శాస్త్రాధికారులును, వకీళ్లును గాఁదగినవారిని దయారుచేయుటయు నా కళాశాల పనియై యుండెను. అల్లెగ్జాండర్ డంకన్ క్యాంబెల్ తెలుఁగు వ్యాకరణము 1816వ సంవత్సరమునను, నిఘంటువు 1821వ సంవత్సరమునను వెలువడెను. ఆ వ్యాకరణమునకే ఎల్లిస్ వ్రాసిన యుపోద్ఘాతవివరణము ద్రావిడభాషల స్వతంత్రకుటుంబమును మొదట నిరూపించినదని భాషాశాస్త్రజ్ఞులు గౌరవింతురు. పరీక్షకొఱకుఁ బుట్టిన పుస్తకములో భాషాచరిత్రమునే మార్చిన సిద్ధాంత మిమిడియుండుట గమనింపఁదగినది.

ఆ కళాశాలలోఁ దెలుఁగు నభ్యసించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817వ సంవత్సరమునఁ జెన్నపట్టణము చేరెను. వెలగపూఁడి కోదండరామపంతులు అతనికిఁ దెలుఁగు చెప్పిన గురువు. కడపలోఁ గొంతకాలముండి, పిమ్మట మచిలీపట్టణ రాజమహేంద్రవరములలో న్యాయశాఖయం దుద్యోగించుటచే నతనికిఁ గావ్యభాషకును గచేరీభాషకును గల యంతరము ప్రత్యక్షమయ్యెను. కావ్యములఁ జదివి పరీక్షలోఁ గృతార్థుఁడైనవాఁడు కరణము వ్రాసిన యర్జీని జదువలేకపోవుట కలదు. అర్జీలఁ జదువ నేర్చినవానికిఁ గావ్య మందదు. కావుననే బ్రౌన్ తన తెలుఁగు–ఆంగ్లనిఘంటువును 1852వ సంవత్సరమునఁ బ్రకటించుటతో నూరకుండక, కచేరీలలో వాడుకలోనున్న మాటలకు “జిల్లా డిక్షనరీ”ని యా సంవత్సరముననే వేఱుగాఁ గూర్చెను. తెలుఁగునఁ గలసిన యన్యదేశ్యములకు 1854వ సంవత్సరమున మిశ్రభాషానిఘంటువును బ్రకటించెను. పండితులు గ్రామ్యమని త్రోసివైచిన మాటలే రైతు ప్రాణాధారమగు భూమిని నిర్ణయించుచున్నవని యతఁ డెఱిఁగెను. ఇంతకుముందు 1813వ సంవత్సరమున చార్లెస్ విల్కిన్స్ పార్లమెంటు నివేదికకుఁ గూర్చిన పదకోశమును, తరువాత 1855వ సంవత్సరమున హొరేస్ హేమన్ విల్సన్ ప్రకటించిన న్యాయ రివిన్యూ పదకోశమును నీ త్రోవలోనివే.

ఇదియంతయు నాంగ్లేయుఁడు తెలుఁగు నేర్చిన చరిత్రము. తెలుఁగువాఁడు న్యాయాంగ్లమును నేర్చిన చరిత్ర మంతకంటెఁ గష్టతరము. ఏలయన నతనికిఁ గళాశాల లేదు, జీతమిచ్చి చదివించు ప్రభుత్వము లేదు. ఒంగోలు ప్రాంతీయుఁడగు వెన్నెలకంటి సుబ్బారావు 1815వ సంవత్సరమునుండి 1829వ సంవత్సరము వఱకు సదరదాలతున భాషాంతరకర్తగాను, దుబాసీగాను నుండెను. అతఁ డాంగ్లమున వ్రాసికొన్న స్వీయచరిత్రము 1873వ సంవత్సరమునఁ బ్రకటితమయ్యెను. అట్లే యేనుఁగుల వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండి, 1830–31 సంవత్సరములలోఁ గాశీయాత్ర చేసి, తన చరిత్రమును దెలుఁగున వ్రాసెను. న్యాయస్థానపు టాంగ్లమునఁ బండిన యా మనుష్యుఁడే తెలుఁగున నంత సులభముగాను, వివరముగాను వ్రాయఁగలుగుట యాకస్మికము కాదు. దినదినము సాక్షి చెప్పిన మాటకుఁ దక్కువ గాని యెక్కువ గాని కాకుండఁ బరభాషలోఁ జెప్పవలసినవానికిఁ దన మాటను దూఁచి వాడుట యలవాటగును.

సుబ్బారావు 1820వ సంవత్సరమునఁ జెన్నపట్టణపుఁ బాఠ్యపుస్తకసంఘమున సభ్యుఁడై యుండి, యప్పటి విద్యావిధానమును విమర్శించెను. బాలురు గ్రంథములను గంఠస్థము చేయుచున్నారే కాని వాని యర్థ మెఱుఁగకున్నారని యతని యాక్షేపణసారము. న్యాయస్థానమున దుబాసీపని చేసినవాఁడే యీ లోపమును బట్టుకొనుటలో విశేషమున్నది. కంఠస్థమైన శ్లోకము అర్థము తెలియకున్నను వల్లించిన వానికి హాని చేయదు. కంఠస్థమైన న్యాయపదము అర్థము తెలియక వాడఁబడినచో నింకొకని యిల్లు కూలును.

1837వ సంవత్సరమునుండి గాలి మఱియొక దిక్కునకుఁ దిరిగెను. ఆ సంవత్సరపు 29వ శాసనము న్యాయవ్యవహారములలోఁ బారసీకభాషను విడిచిపెట్టుట కధికార మిచ్చెను. 1844వ సంవత్సరమున హార్డింజి ప్రభుత్వము ఆంగ్లవిద్య నేర్చినవారికి నుద్యోగములలోఁ బ్రాధాన్యమీయవలెనని నిర్ణయించెను. 1846వ సంవత్సరపు మొదటి శాసనము వకీలువృత్తిని జాతిమతభేదము లేక యోగ్యులందఱకును దెఱచెను. 1857వ సంవత్సరమున మద్రాసు విశ్వవిద్యాలయమును, 1862వ సంవత్సరమున హైకోర్టును నేర్పడెను. 1864వ సంవత్సరపు 11వ శాసనము కోర్టులలోని పండితుల యుద్యోగములను, మౌల్వీల యుద్యోగములను రద్దుచేసెను. అరువదియేండ్లుగాఁ దీర్పునకు శాస్త్రప్రమాణము చెప్పిన పండితుఁడు న్యాయస్థానమునుండి వెలికి వచ్చెను. అతని స్థానమున 1810వ సంవత్సరమునఁ గోల్‌బ్రూక్ చేసిన మితాక్షరా దాయభాగముల యాంగ్లానువాదమును, దానిపై వచ్చిన తీర్పులును నిలిచెను. మూలమును జదువఁగలవాఁడు బయటను, అనువాదమును జదువఁగలవాఁడు లోపలను నుండు స్థితి యేర్పడినది.

తుదకు 1879వ సంవత్సరపు న్యాయవాదుల శాసనము ప్లీడర్ల యర్హతలను, పరీక్షలను హైకోర్టు నియమములకు లోఁబఱచెను. సనదు కావలెనన్నచోఁ బరీక్ష తప్పదు. పరీక్షలో గెలువవలెనన్నచో న్యాయాంగ్లము తప్పదు. 1812వ సంవత్సరమునఁ బరీక్ష రాజ్యమేలువాఁడు ప్రజలభాష నేర్చెనా యని యడిగినది. 1879వ సంవత్సరము నాఁటికి ముఖ్యమైన పరీక్ష ప్రజ రాజ్యమేలువాని పరిభాష నేర్చెనా యని యడిగినది. ప్రశ్న తలక్రిందయ్యెను. ఈ చరిత్రమున నింతకంటె ముఖ్యమైన మార్పు లేదు.

అట్లు నేర్వవలసిన పదములు మూఁడు తెగలవి. మొదటి తెగ, లోకవాడుకలో నొక యర్థమును, న్యాయవాడుకలో నింకొక యర్థమును గలవి. “కన్సిడరేషన్” అనఁగా లోకమున నాలోచన. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు శాసనమునఁ బ్రతిఫలము. అది లేని యొడంబడిక, శాసనము చెప్పిన కొన్ని పట్టులఁ దప్ప, చెల్లదు. “ఇష్యూ” యనఁగా నొకచో సంతానము, ఇంకొకచో విచారింపవలసిన వివాదాంశము. “ఎగ్జిక్యూషన్” అనఁగాఁ బత్రమును సంతకముతోఁ బూర్తిచేయుటయు, డిక్రీని నమలుజరుపుటయు, మరణశిక్ష నెఱవేర్చుటయుఁ గూడ. ఈ మూఁటికిని మూలార్థము తుదివఱకును గొనసాగించుట యొక్కటే. పండితుఁడు ధాతువును బట్టి పదమును సాధించునట్లు, ఈ మూలమును బట్టినచో మూఁడర్థములును మఱపునకు రావు. న్యాయార్థకమగు లాటినుధాతువునుండి జురిస్టు, జురిస్‌డిక్షన్, ఇంజురీ మొదలగునవి పుట్టుటయుఁ, బ్రమాణము చేయుట యను నర్థము గల సజాతీయరూపమునుండి జూరీ, పెర్జురీ యనునవి పుట్టుటయు నిట్లే గ్రహింపవలెను.

రెండవ తెగ, లోకమున నేకార్థములవలెఁ దోఁచుచు శాసనమున భిన్నములైనవి. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతి దొంగతనము, భయపెట్టి గుంజుకొనుట, దోపిడి, బందిపోటు అను నాలుగు నేరములను వేఱుచేసెను. యజమానుని సమ్మతి లేక చరాస్తిని దురుద్దేశముతోఁ గదల్చుట మొదటిది. భయపెట్టి యతనిచేతనే యిప్పించుకొనుట రెండవది. ఈ రెంటిలో నేదైనను హింసతోఁగాని తక్షణహింసాభయముతోఁగాని కూడినప్పుడు మూఁడవది. అయిదుగురుగాని యంతకు మించినవారుగాని కలిసి మూఁడవదానిని జేసినప్పుడు నాలుగవది. నాలుగవదానికి శాసనకర్తలు వాడిన “డకాయిటీ” హిందీపదము. ఆంగ్లశాసనముననే దేశభాషాపదము చోటు సంపాదించుకొన్నది. తెలుఁగున “దొంగలు పడిరి” అని సాక్షి చెప్పిన వాక్యమునకు దుబాసీ నాలుగింటిలో నేమాట వాడునో దానిని బట్టి ముద్దాయి శిక్ష మాఱిపోవును.

మూఁడవ తెగ, సమానార్థకము దొరకక బలవంతముగా సరిపెట్టఁబడినవి. దీనికిఁ “గోపార్సెనరు” అను పదమును మించిన యుదాహరణము లేదు. ప్రాచీనాంగ్లభూన్యాయమునఁ గుమారులు లేనప్పుడు కుమార్తెలందఱును గలిసి పిత్రార్జితమును బొందినచో వారికీ పేరు. అనఁగా నీ పదము ముఖ్యముగా నాఁడుబిడ్డలకు సంబంధించినది. హిందూదేశమున నాంగ్లపండితులు మితాక్షరానుసారమగు నవిభక్తకుటుంబమున జన్మముచేతనే హక్కుగల పురుషులకు దీనిని వాడిరి. నూఱేండ్లకు మించి విద్యార్థులు “కోపార్సెనరు” అనఁగాఁ గొడుకు, మనుమఁడు, మునిమనుమఁడు అని వల్లించి పరీక్షలు గెలిచిరి. 1986వ సంవత్సరమున నాంధ్రప్రదేశ్ శాసనము, 1985 సెప్టెంబరు 5వ తేది మొదలుకొని వర్తించునట్లు, అప్పటికి వివాహితలు కాని కుమార్తెలకు నా హక్కు నిచ్చెను. 2005వ సంవత్సరమున దేశమంతటను గుమార్తెలకుఁ గుమారులతో సమానముగా నది లభించెను. పరభూమిలో నాఁడుబిడ్డల పేరైయుండిన మాట, యీ భూమిలో వారిని జాలకాలము బయట నిలిపి, తుదకు వారిని మరల లోనికిఁ జేర్చుకొన్నది. ఒక్క ప్రతిపదముతో నీ చరిత్రమంతయు నేర్చినట్లు కాఁజాలదు.

ఇట్టి పదములను నేర్పుటకు మంచి మార్గమును శిక్షాస్మృతియే చూపినది. మెకాలే యధ్యక్షుఁడుగా నుండిన లా కమిషను 1837వ సంవత్సరమున సమర్పించిన ముసాయిదాలో లక్షణవాక్యము తరువాత నుదాహరణములు చేర్పఁబడెను. లక్షణము, లక్ష్యము అను నీ పద్ధతి వ్యాకరణము చదివిన పండితునకుఁ గ్రొత్త కాదు. పరుల నేలలోని చెట్టును గొట్టుకొనిపోవు దురుద్దేశముతో నఱికినవాఁడు దొంగయగునా? నేలకుఁ దగిలియున్నంతకాలము చెట్టు చరాస్తి కాదు. నఱికి వేఱుచేసిన క్షణమునఁ జరాస్తి యగును. అప్పుడే దొంగతనము సిద్ధించును. ఈ యొక్క యుదాహరణముచేత “చరాస్తి”, “దురుద్దేశము”, “దొంగతనము” అను మూఁడు పదములును స్థిరపడును. పదపట్టిక నూఱు పుటలు వల్లించినను నీ ఫలము రాదు.

పరీక్షలచే నభ్యస్తమైన యాంగ్లపదములు తెలుఁగున నెట్లు పరిణమించెనో చూచినచో, ప్రజల భాషాశక్తి యాశ్చర్యము గొల్పును. అప్పీలు, డిక్రీ, నోటీసు, సమను, ప్లీడరు మొదలగునవి యుత్వమును జేర్చుకొని తెలుఁగు విభక్తులను ధరించెను. అప్పీలుదారు, డిక్రీదారు అను మాటలలో నాంగ్లప్రకృతిపైఁ బారసీకప్రత్యయము నిలిచెను. వీలునామా యను మాటలో నాంగ్లపు “విల్” పారసీకపు “నామా”తోఁ గూడినది. సివిలు వ్యాజ్యమున వాదిప్రతివాదులను సంస్కృతపదములు, క్రిమినలు వ్యాజ్యమున ముద్దాయి యను పారసీకపదము, వానికి మూలమైన నేరము తెలుఁగుపదము, అప్పీలు ఆంగ్లపదము. ఒక్క కోర్టుగది గోడలమధ్యఁ దెలుఁగుదేశపు వేయేండ్ల రాజకీయచరిత్రము పదరూపమునఁ గూర్చుండియున్నది. చిన్నయసూరి కృతులలో హిందూధర్మశాస్త్రసంగ్రహమొకటి యుండుటయు నీ సందర్భమున స్మరింపఁదగినది. పండితుఁడు న్యాయవిషయమును దెలుఁగునఁ జెప్పఁబూనుట నిష్ప్రయోజనమని యా మహావ్యాకర్త యెంచలేదు.

భాషాంతరీకరణము కేవలము విద్య కాదు, ధర్మమని శాసనమే యొప్పుకొన్నది. 1873వ సంవత్సరపుఁ బ్రమాణశాసనము సాక్షితోఁబాటు దుబాసీచేతఁ గూడఁ బ్రమాణము చేయించెను. 1898వ సంవత్సరపు క్రిమినలు విచారణస్మృతి 361వ సెక్షను, ముద్దాయికిఁ దెలియని భాషలోఁ జెప్పఁబడిన సాక్ష్యమును నతనికిఁ దెలిసిన భాషలో బహిరంగన్యాయస్థానమున వివరింపవలెనని విధించెను. తనపై నెవరేమి చెప్పుచున్నారో తెలియనివానికి విచారణ జరిగినను జరగనట్లే యని దీని తాత్పర్యము. భాషాపరీక్షకు న్యాయమునకును గల సంబంధ మీ సెక్షనులో మూర్తీభవించినది.

స్వాతంత్ర్యానంతరము 1950వ సంవత్సరమున నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 348వ యధికరణముచే నున్నతన్యాయస్థానముల వ్యవహారమునకు, పార్లమెంటు వేఱుగా విధించువఱకు, ఆంగ్లమును నిలిపెను. 1966వ సంవత్సరమున నాంధ్రప్రదేశ్ శాసనము తెలుఁగును అధికారభాష చేసెను. 2023వ సంవత్సరమునఁ దెలంగాణ హైకోర్టు ఒక యాస్తివివాదమునఁ దెలుఁగునఁ దీర్పు ప్రకటించెను. 1862 జనవరి 1వ తేదిని నమలులోనికి వచ్చిన శిక్షాస్మృతి 2024 జులై 1వ తేదిని భారతీయ న్యాయసంహితకుఁ జోటిచ్చెను. సెక్షనుల సంఖ్యలు మాఱినవి. దొంగతనమునకును దోపిడికిని గల భేదము మాఱలేదు. సంఖ్యలను వల్లించినవానికి శ్రమ వ్యర్థమైనది. భేదమును గ్రహించినవానికి శ్రమ నిలిచినది.

ఈ చరిత్రమునుండి భాషాపరీక్షలకుఁ జదువు విద్యార్థులకును, వారికిఁ జెప్పు నుపాధ్యాయులకును దేలిన సారము మూఁడు మాటలలోఁ జెప్పవచ్చును. న్యాయపదమును దాని మూలముతో నేర్వవలెను. దాని ప్రక్కపదమునుండి భేదముతో నేర్వవలెను. అది ప్రవర్తించిన పత్రముతో నేర్వవలెను. బ్రౌన్ కచేరీకాగితములను నిఘంటువునకుఁ దెచ్చుటయు, సుబ్బారావు వల్లెవేఁతను నిందించుటయు, శిక్షాస్మృతి లక్షణమునకు లక్ష్యమును జేర్చుటయు నొక్కదానినే బోధించుచున్నవి. పరీక్షాధికారి వేయు గుర్తులు విద్యార్థి కొక్కనికే చెందును. ఆ విద్యార్థి రేపు న్యాయస్థానమున నిలిచి చెప్పు మాట మాత్రము, భాష తెలియక బోనులో నిలుచున్న యింకొకనికిఁ జెందును. పదము నేర్చుట యెవనికొఱకో గుర్తుండినచో, ఎట్లు నేర్వవలెనో వేఱుగాఁ జెప్పఁబనిలేదు.